అష్టభోగాలతో అమ్మడమైనది

ఏలూరు, తాడేపల్లిగూడెం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరులంత దాతలు ఈ డెల్టాలో లేరు. నాలుగు సెంట్ల ఇంటిస్థలం కొన్నవాడికి వాళ్ల కాగితం నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అన్నీ ధారపోస్తుంది. పుత్రపౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించమంటుంది. కొందరు తరువును కూడా కలిపేస్తారు. అష్టభోగాలు తొమ్మిదైనా ఎవరూ లెక్కపెట్టరు. ఒకప్పుడు రాజులు అగ్రహారాలిస్తూ రాగిరేకుల మీద చెక్కించిన మాటలివి. ఇప్పుడు కంప్యూటర్లో ఒకరి దస్తావేజు నుంచి ఇంకొకరి దస్తావేజులోకి నడిచిపోతున్నాయి.

కొన్నాయన మురిసిపోయి గునపం దించాడనుకుందాం. లంకెబిందె తగిలిందా, కలెక్టరుకు కబురు పెట్టాలి. పది రూపాయలు దాటిన నిధి సంగతి చెప్పి తీరాలని 1878లోనే చట్టం చేశారు. పోనీ జలం? బోరు దించాలంటే 2002 నాటి వాల్టా చట్టం అడ్డొస్తుంది. చెట్టు కొట్టాలన్నా అదే. ఇక ఆగామి అంటే ఏమిటని అడిగితే, ‘ఉండాలండీ, ఉంటేనే గట్టి’ అన్నదే జవాబు.

అసలు తమాషా కొల్లేట్లో ఉంది.

1999 అక్టోబరులో 120వ నంబరు జీవో ప్లస్ ఐదో కాంటూరు దాకా, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమంది. అందులో సొంత జిరాయితీ భూములున్నాయి, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-ఫారం పట్టాలూ ఉన్నాయి. ఆ డి-ఫారం భూమి అమ్మకూడదని 1977లో చట్టం చేశారు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మితే రిజిస్ట్రేషన్ తప్పదని 1882 చట్టం. రెంటికీ విరుగుడు తెల్లకాగితం. అందులో అమ్మకం అన్న మాట రాయకపోతే సరి!

హద్దులు మాత్రం నిష్ఠగా రాస్తారు: తూర్పు ఫలానావారి చేపల చెరువు గట్టు, పడమర బోదె. 2006లో ఆక్రమణలు తొలగించే ఆపరేషన్ కొల్లేరు వచ్చి గట్లనే కొట్టేసింది. తూర్పుదిక్కు కాగితంలో మిగిలింది.

అన్ని దస్తావేజుల్లాగే ఇక్కడా చివర ఒక భరోసా ఉంటుంది. ఏ చిక్కులు, తగాదాలు వచ్చినా అమ్మినవాడు సొంత ఖర్చులతో పరిష్కరించి ఇస్తాడట. అవతలి పక్షంలో అటవీశాఖ, సుప్రీంకోర్టు, 2002 నుంచి రామ్‌సార్ గుర్తింపు, ఆటపాక గూడబాతులు.