కొర్రలకు ఓటు, బజ్జీకి సీటు

ఒళ్లు తగ్గించాలని కంకణం కట్టుకున్నవారు నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా ముందు బియ్యం డబ్బా మీదే యుద్ధం ప్రకటిస్తారు. ఇక కొర్రలే దిక్కు. సూర్యనంది రకాన్నిచ్చిన వ్యవసాయ పరిశోధన స్థానం నంద్యాలలోనే ఉంది కాబట్టి వాటికి ఇక్కడ పుట్టింటి మర్యాదే. కానీ జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టిక తిరగేస్తే వంద గ్రాముల బియ్యంలో 345 కేలరీలు, కొర్రల్లో 331. ఆ పద్నాలుగు కేలరీల ధీమాతో రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే తగ్గేది కొర్రల సంచి బరువే! వాటి గొప్పంతా పీచులో, మాంసకృత్తుల్లో ఉంది. బియ్యంలో 6.8 గ్రాముల మాంసకృత్తులుంటే వీటిలో 12.3. కడుపు నిండినట్టు ఉంచేవి అవే.

‘ఇదంతా ఎందుకు, నోరు కట్టుకుంటే పోలా?’ అంటారు నిష్ఠాగరిష్ఠులు. పోదు. బరువు తగ్గినవారిని ఆస్ట్రేలియా పరిశోధకులు ఏడాది తర్వాత పరీక్షించినా, ఆకలి రేపే హార్మోన్లు పాత స్థాయికి దిగలేదని 2011లో తేలింది. ఒంటికి మన సంకల్పంతో పనిలేదు మరి. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం పప్పు ఎగ్గొట్టిన నిష్ఠ సాయంత్రం బండి దగ్గర ఉగ్గాని ముందు చేతులెత్తేస్తుంది. అందులో బొరుగులు పాపం తేలికే. కాగితమంతా నూనె చేసే మిరపకాయ బజ్జీ సంగతే వేరు. జొన్నరొట్టెలోకి పప్పు, ఆకుకూర దండిగా తిన్నవారు ఆ బండిని దాటిపోగలరు. అప్పుడు బజ్జీల బేరానికి పడే గండికి నష్టపరిహారం 2022లో వచ్చిన కొత్త జిల్లా కలెక్టరేటే చూసుకోవాలి.