మా రోజుల్లోనూ ఉన్నారు, లెక్కలోనే లేరు

పార్కు బెంచీ మీద చేరే మా రిటైర్డు బృందంలో ఒక మాట తరచూ వినబడుతుంది: "ఈ ఆటిజాలూ, ఏడీహెచ్‌డీలూ మా రోజుల్లో ఎక్కడున్నాయండీ? అన్నీ సెల్‌ఫోన్లు తెచ్చిన జబ్బులు!" వింటే నాకు ఒళ్లు మండుతుంది. సర్వీసంతా జిల్లా పరిషత్ బళ్లలో పాఠాలు చెప్పినవాణ్ణి. లేకపోవడమేమిటి? నిక్షేపంగా ఉన్నారు. ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే.

అక్షరాలు తారుమారు చేసేవాడికి మొద్దు అని పేరు, పైగా గోడకుర్చీ. ఎడమచేత్తో రాసేవాడికి వేళ్ల కణుపుల మీద స్కేలు దెబ్బ. కుదురులేని వాడి సంగతి చింతబరికె చూసుకునేది. ఐదో తరగతి దాటకుండానే వాళ్లంతా గేదెల వెంట వెళ్లిపోయేవారు. హాజరుపట్టీలో పేరు కొట్టేస్తే సమస్య తీరిపోయినట్టే. ఇక మాటలు రాని ఆడపిల్ల బడి ముఖమే ఎరగదు. పెళ్లిచూపుల వాళ్లొస్తే ఆ పిల్లను వెనక గదిలో ఉంచి గడియ పెట్టేవారు, అక్క సంబంధం చెడిపోతుందని. పోలియో వచ్చిన పిల్లలే కాస్త నయం, తోటివాళ్లు వీపున ఎక్కించుకుని బడికి తెచ్చేవారు. 'కుంటోడా' అని పిలుస్తూనే వంతులేసుకుని మరీ మోసేవారు, అదో విచిత్రం. ఆ మోసే వీపులు మాత్రం ఇప్పుడు కనబడవు.

ఇప్పుడేమో చట్టాలున్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటివీ అందులో చేరాయి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు వచ్చాయి. అక్కడ ఫిజియోథెరపీ చేయిస్తారు, కదలలేని బిడ్డ ఇంటికి టీచరే వెళ్తారు. మా కాలపు తల్లులు ఇది వింటే నమ్మేవారు కారు.

మరి సణుగుడెందుకంటారా? లెక్కపెట్టడం నేర్చారు, లెక్కపెట్టి ఊరుకుంటున్నారు. వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్టిచ్చే సదరం శిబిరానికి స్లాటు దొరకాలి, బిడ్డను చంకనేసుకుని వెళ్లి పొద్దుపోయేదాకా వరసలో ఉండాలి. తీరా 39 శాతమని రాశారో, సగం తలుపులు మూసుకున్నట్టే. తాత్కాలిక సర్టిఫికెట్టయితే గడువు తీరగానే మళ్లీ అదే వరస. తల్లి కూలి పోయిన సంగతి ఏ కాగితంలోనూ ఉండదు.

పేరున్న ప్రైవేటు బడికి వెళ్తే మర్యాదకు లోటుండదు. ఏసీ గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "మీ బాబుకు సరిపడే సౌకర్యాలు మా దగ్గర లేవండీ" అంటారు. లేదా బిడ్డ పక్కనే ఉండి సాయపడే షాడో టీచరును మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోండి అంటారు. ప్రభుత్వ గుర్తింపు పొందిన బడి వివక్ష లేకుండా చేర్చుకోవాలన్న చట్టం ఆ గదిలోకి వచ్చినట్టు లేదు. సర్కారు బడి కాదనదు, అది నిజం. కానీ అక్కడ ర్యాంపు చూశారా? అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలన్నది నిబంధన. మా వీధి బడిలో కట్టింది జారుడుబల్ల! దాని మీద మాస్టార్ల మోటారుసైకిళ్లు. ఇక భవిత టీచర్లలో చాలామంది ఒప్పంద ఉద్యోగులే. మండలమంతా తిరిగి, వినికిడి లోపం నుంచి బుద్ధిమాంద్యం దాకా అన్నీ వాళ్లే చూడాలి.

తల్లిదండ్రులకో మాట. మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో విద్యాధికారి కార్యాలయంలో అడగండి, తెలియదంటే రాతపూర్వకంగా అడగండి. రెండేళ్లు దాటినా బిడ్డకు మాటలు రాకపోతే, పిలిచినా తిరిగి చూడకపోతే, వెంటనే డాక్టరుకు చూపించండి. "వాళ్ల తాతకూ ఆలస్యంగానే మాటలొచ్చాయిలే" అనే మాలాంటి ముసలాళ్ల మాట మాత్రం వినకండి.