ముష్టివాక్య వ్యాఖ్యానం

మూలం: "నన్నడిగితే, ఆ కాలం ఆడాళ్ల బాక్సింగులో గెలుపంటే ఒక్కటేనండి. మేరీకోమ్ నిఖత్‌ని కొట్టిన తొమ్మిది–ఒకటి. మిగతావన్నీ లెక్కలోకి రావు. ఆయ్."

అవతారిక: ఈ వాక్యం ఓడలరేవులో, వైనతేయ సముద్రంలో కలిసే చోటికి కూతవేటు దూరాన, ఒక టీకొట్టు బల్ల మీద ఆవిర్భవించింది. మూలకారుడు మాకన్నా పెద్దవారు గనుక పేరెత్తం. ఆయన జన్మలో చేతికి గ్లవుజు తొడిగిన మనిషి కారు. అయినా క్రికెట్టు, కోడిపందెం, కొబ్బరి ధర, కుస్తీ, దేనిమీదైనా చివరి మాట ఆయనదే. ఆ మాట పడ్డాక ఇంకొకరు నోరు విప్పితే "నీకు తెలీదులేవోయ్" అని గ్లాసు కింద పెట్టేస్తారు. అక్కడ నోరు విప్పలేక ఇంటికొచ్చి టీక రాస్తున్నాం.

మెతుకుసీమలో పుట్టిన మన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి మూర్ఛపోయిన కవివాక్కును లేపడానికని దానికి సంజీవని అని పేరు పెట్టాడు. మేం అలాంటి ఒట్టేమీ పెట్టుకోలేదు. పైగా మా మూలవాక్యం మూర్ఛపోలేదు, రోజూ సాయంత్రం ఆరింటికి తనంతట తానే లేస్తోంది.

టీక: 'గెలుపు', 'బాక్సింగు', 'లెక్క' తేలిక మాటలు. వదిలేశాం.

'నన్నడిగితే': ఎవరూ అడగలేదు. ఇది చేదర్థకం. షరతు నెరవేరకపోయినా ఫలం మాత్రం వచ్చి మీద పడే చేదర్థకం తెలుగులో ఇదొక్కటే.

'ఆయ్': ఎదుటివారి మాటకు మర్యాదగా ఔననడానికి కోనసీమ వాడే నిపాతం. తన మాటకు తానే 'ఆయ్' అనుకోవడం మూలకారుడి ఆర్షప్రయోగం. పామరులు అనుకరించరాదు.

'తొమ్మిది–ఒకటి': 2019 డిసెంబరు 28న ఢిల్లీలో, ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవర్ని పంపాలో తేల్చడానికి జరిగిన 51 కిలోల ట్రయల్ ఫలితం. గెలిచినామె అప్పటికే ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. ఓడినామె నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్. బౌటు అయ్యాక మేరీ చేయి కలపలేదు. టీకొట్టు మూలానికి తెలిసింది ఇంతే. అసలు ఆ ట్రయల్ ఎలా జరిగింది? ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చింది గనుక మేరీని ట్రయల్ లేకుండానే పంపాలని బాక్సింగ్ సమాఖ్య అనుకుంది. అది న్యాయం కాదని నిఖత్ కేంద్ర క్రీడా మంత్రికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరమే లేకపోతే బౌటు లేదు, తొమ్మిదీ లేదు, ఒకటీ లేదు. ఓడినామె అడిగి తెప్పించిన గెలుపిది! మూలకారుడు ఈ ముక్క ఎన్నడూ ఎత్తరు.

ఇక్కడ మాకు ప్రియమైన ప్రకరణం ఒకటుంది. అవసరమా అంటే కాదు.

బకుడు, జరాసంధుడు, కీచకుడు, దుర్యోధనుడు, భీముడు. ఈ ఐదుగురూ ఒకే నక్షత్రాన పుట్టారనీ, వాళ్లలో ఎవడు ముందుగా ఒకణ్ని చంపితే మిగతావాళ్లంతా వాడి చేతిలోనే పోతారనీ పెద్దలు చెబుతారు. ఏకచక్రపురంలో బకుడు పడ్డాడు. అక్కడితో మిగిలిన ముగ్గురి జాతకమూ ఖరారైపోయింది. సంక్రాంతికి కుక్కుటశాస్త్రం తిరగేసి, కోడి వన్నె, నక్షత్రం, వారం చూసి, బరిలోకి దించకముందే ఫలితం చెప్పే సీమలో ఈ కథకు ఎంత గౌరవమో వేరే చెప్పాలా?

సరే, భీముడి నాలుగు గెలుపుల్లో ఏది గొప్ప? బకుడితో అంటారా, వాడు వెనకనుంచి వీపు మీద గుద్దుతున్నా భీముడు బండెడన్నం తినడం ఆపలేదు. డిఫెన్సు విద్యలో దీనికి మించిన ఘట్టం మేం ఎరగం. అయినా ఆకలి మీదున్న మనిషి గెలుపుకు ఎన్ని మార్కులు వెయ్యాలి? కీచకుడిది మరీ అన్యాయం. నర్తనశాల చీకట్లో, ద్రౌపది అనుకుని చెయ్యి వేశాడు. గంట కొట్టకముందే పడ్డ దెబ్బ అది, రికార్డు పుస్తకంలోకి ఎక్కదు. దుర్యోధనుడి సంగతి అందరికీ తెలిసిందే. గదాయుద్ధంలో నాభి కింద కొట్టకూడదు, భీముడు తొడలు విరగ్గొట్టాడు. ఇద్దరికీ విద్య నేర్పిన బలరాముడు మండిపడి నాగలెత్తి మీదికి వచ్చాడు. కృష్ణుడు పట్టుకుని ఆపాడు. తీర్పు మాత్రం మారలేదు. ఇక జరాసంధుడు. గుమ్మంలో నిలబడ్డ ముగ్గురిలో తనకు జోడీ భీముడేనని ఆయనే ఎంచుకున్నాడు. కార్తిక పాడ్యమి నాడు పట్టిన పట్టు చతుర్దశి దాకా, రాత్రనకా పగలనకా సాగింది. పక్కనుంచి కృష్ణుడు గడ్డిపరక చీల్చి సైగ చేశాడని జనం చెప్పుకుంటారు. చెయ్యనీండి, ఈ రోజుల్లో కోచ్‌లు మూలనుంచి అరవడం లేదా? మా ఓటు జరాసంధవధకే. పద్నాలుగు రోజుల ఊపిరి మాటలు కాదు. పైగా ఓడినవాడు కోరి తెచ్చుకున్న జోడీ...

బాక్సింగు సంగతి మరిచాం.

ఈ ప్రకరణం వల్ల తేలిందేమంటే, మన మూలకారుడు వాడుతున్నది నక్షత్ర సిద్ధాంతమే. ముందు ఎవరు ఎవర్ని కొట్టారో చూస్తారు, అక్కడితో లెక్క మూసేస్తారు. బకుడికి ఆ సిద్ధాంతం చెల్లుతుంది, వాడు మళ్లీ లేచి రాలేదు గనుక. ఓడిన బాక్సరు లేచి వస్తుంది.

తర్కం తెలిసినవారి కోసం ఒక చిక్కు పెడుతున్నాం. 2019 అక్టోబరులో, రష్యాలోని ఉలన్ ఉదేలో, ప్రపంచ పోటీల సెమీఫైనల్లో తుర్కియే బాక్సర్ బుసె నాజ్ చకిరోగ్లు మేరీని 4–1తో ఓడించింది. మనవాళ్లు అప్పీలు చేస్తే కొట్టేశారు (బలరాముడికీ ఇదే గతి పట్టింది). డిసెంబరులో మేరీ నిఖత్‌ని ఓడించింది. 2022 ఫిబ్రవరిలో, సోఫియాలో, స్ట్రాంజా టోర్నీ సెమీఫైనల్లో నిఖత్ 4–1తో చకిరోగ్లునే ఓడించింది. మేరీ కన్నా చకిరోగ్లు, చకిరోగ్లు కన్నా నిఖత్, నిఖత్ కన్నా మేరీ. ఆత్మాశ్రయం, అన్యోన్యాశ్రయం దాటాక వచ్చే ఈ దోషాన్ని నైయాయికులు చక్రకం అన్నారు. ఆ చక్రంలో ఎక్కడ అడుగు పెట్టినా బయలుదేరిన చోటికే వస్తాం. మూలకారుడు మాత్రం ఒక్క మెట్టు మీద కాలు పెట్టి, శిఖరం ఎక్కానంటారు.

పూర్వపక్షాలు రెండు. 2022 మే 19న ఇస్తాంబుల్లో 52 కిలోల ఫైనల్లో థాయ్‌లాండ్ అమ్మాయి జిట్‌పాంగ్ మీద నిఖత్ 5–0తో గెలిచి ప్రపంచ చాంపియనైన రోజే గొప్పదని ఒక వర్గం. 2023లో ఢిల్లీలో, బరువు 50 కిలోలకు తగ్గించుకుని, వియత్నాం బాక్సర్ న్యూయెన్ థీ తామ్‌ను ఓడించి రెండో కిరీటం తెచ్చింది గనుక అదే గొప్పదని ఇంకో వర్గం. రెండూ బంగారాలే, మేం కాదనం. కానీ ఇస్తాంబుల్లో చకిరోగ్లు 50 కిలోల్లో ఆడి అక్కడ తన బంగారం తాను తీసుకుంది, ఇద్దరూ ఎదురుపడలేదు. సోఫియాలో ఎదురుపడ్డారు. అప్పటికి చకిరోగ్లు టోక్యో ఒలింపిక్ రజతం మెడలో వేసుకున్న మనిషి. సెమీఫైనల్ కదా అని చిన్నచూపు చూసేవాళ్లు, పతకం రంగు తప్ప ఎదుట నిలిచింది ఎవరో చూడనివాళ్లు. అంచేత ఆ కాలపు గొప్ప గెలుపు సోఫియాదే.

ఓటమిని కూడా దాచం. 2024లో పారిస్‌లో నిఖత్ చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0–5తో ఓడింది. ఆ పోటీల బంగారం వూ యూదే. ఫైనల్లో ఆమె ఓడించింది ఎవర్నంటారు? చకిరోగ్లునే. చక్రకానికి ఇంకో ఆకు మొలిచింది.

తాత్పర్యం రాయాలంటే చేతులు రావడం లేదు, కోపం వస్తోంది. మూలవాక్యంలో 'ఆ కాలం' అనే మాట ఉందే, అందులో ఎవరెవరు ఉన్నారో మూలకారుడికి తెలుసా? విశాఖపట్నం బాక్సర్ నాగిశెట్టి ఉష 2006లో ఢిల్లీలో, 2008లో నింగ్బోలో, రెండుసార్లు 57 కిలోల ప్రపంచ రజతం తెచ్చింది. ఆ రెండు పోటీల్లోనూ మేరీ బంగారం తెచ్చింది. మేరీ మీద సినిమా వచ్చింది, రావలసిందే. ఉషకు ధ్యాన్‌చంద్ పురస్కారం ఇవ్వడానికి 2020 దాకా పట్టింది. తెలుగు దేశంలో టీకొట్టు బల్ల మీద కూచుని ఆడపిల్లల బాక్సింగుకు కొలమానాలు కట్టేవారికి ఆమె పేరు నోటికి రాకపోవడం కన్నా ముష్టి సంగతి ఇంకేముంది?

కాబట్టి మూలకారుడికి, ఆయన శిష్యవర్గానికి మా మనవి ఒక్కటే. రేపు సాయంత్రం 'నన్నడిగితే' అనబోయే ముందు ఉష రజతాల సంవత్సరాలు రెండూ చెప్పండి. చెప్పినవారి టీ డబ్బులు మేమిస్తామండి.