అరకులో బొంగు చికెన్ హోటల్ పెట్టి పైకి రావడం ఎలా?

ఐటీ ఉద్యోగం విసుగొచ్చి, ఫోన్లో బొంగులో చికెన్ వీడియో చూసి, ‘ఓస్, ఇంతేనా! కోడి, బొంగు, నిప్పు’ అనుకున్నవాళ్ల కోసం ఈ చిట్కాలు. మీరు అనుకున్నది నిజమే, ఇంతే. అందుకే ఆ ఇంతే పనిని ఇంకొకరి చేత చేయించి, మనం గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి.

ముందు స్థలం చూడండి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటెక్కి, కాఫీ తోటలు వచ్చేసరికి మీకు ఏ జాగా చూసినా మీదే అనిపిస్తుంది. ఆ భావాన్ని అణచుకోవద్దు. అది షెడ్యూల్డ్ ప్రాంతమనీ, 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారనీ, జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దాన్నేననీ, గిరిజనుడికో గిరిజనుల సహకార సంఘానికో తప్ప అక్కడ భూమి ఎవరికీ చెల్లదనీ లాయర్లు చెబుతారు. లాయరు దగ్గరికి వెళ్లకండి. వెళ్తే 1997 నాటి ‘సమత’ తీర్పు కూడా తీస్తాడు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల గొడవ అది. ప్రభుత్వమైనా సరే షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడానికి వీల్లేదంది సుప్రీంకోర్టు. ప్రభుత్వానికి లేని దారి మీకెలా ఉందంటే, మీకు బావమరిది ఉన్నాడు. ఆ బావమరిదికి ఊళ్లో మందు స్నేహితుడున్నాడు.

ఆ స్నేహితుడి చుట్టాల్లో పట్టా ఉన్న పెద్దాయన ఒకడు దొరుకుతాడు. పేరు ఆయనది, పెట్టుబడి మీది. దొరికితే ఏడాది దాకా కఠిన శిక్ష, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూనట. ఏడాది సంగతి మరిచిపోయి రెండు వేలు గుర్తుపెట్టుకోండి. ఆదివారం ఒక కుటుంబం తిని లేస్తే వచ్చే బిల్లది. కొందరు ఇంకా తెలివిగా, ఊళ్లో పిల్లని పెళ్లి చేసుకుని భూమి ఆమె పేరున రాయిస్తారు. విశాఖలో ఇంకో సంసారం ఉన్నా అడ్డు కాదనుకుంటారు. పెళ్లయినంత మాత్రాన మీరు గిరిజనులు కారన్న చిన్న విషయం శుభలేఖలో అచ్చువేయరు కదా.

పట్టా ఎవరిదో ఆయన్నే వంటకి పెట్టుకోండి. తన భూమిలో తాను జీతగాడైతే ఎక్కడికీ పోడు. బోర్డు మీద పేరులో ‘ట్రైబల్’ ఉండాలి, లైసెన్సులో గిరిజనుడు ఉండాలి, లాభంలో మాత్రం మీరొక్కరే ఉండాలి.

ఇక వంట. మొదటిరోజు ఆయన తెల్లారకముందే వెళ్లి, పచ్చి బొంగులు ఏరి తెస్తాడు. ఒకవైపు కణుపు మూసి ఉండేలా కోస్తాడు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన నాటుకోడి ముక్కల్ని నిండా కూరకుండా కాస్త జాగా వదిలి దూరుస్తాడు. నూనె చుక్క వేయడు. మూతికి అడ్డాకు మడిచి బిగించి, నిప్పుల మీద వాల్చి, ఊరికే కూర్చోకుండా తిప్పుతూనే ఉంటాడు. బొంగులో ఉన్న తడే ముక్కని ఉడికిస్తుంది. ఆకుపచ్చ పోయి నల్లబడ్డాక, ఆకు సందుల్లోంచి ఆవిరి వాసన చూసి దించుతాడు. ఇదంతా అయ్యేసరికి మీ గిరాకీ సెల్ఫీలు అయిపోయి, పకోడీలు తిని వెళ్లిపోతాడు.

కాబట్టి బ్రాయిలర్ కోడిని పొద్దున్నే కుక్కర్లో పడేయండి. నూనె, రంగు, కాస్త టేస్టింగ్ సాల్టు. నిన్న వాడిన బొంగుల్నే కడిగి, అందులో కూర పోసి, గిరాకీ ఎదుట అయిదు నిమిషాలు మంట చూపించండి. పెద్దాయన “ఎండు బొంగు కాలిపోద్ది గానీ ఉడకదు బాబూ” అంటాడు. అనుభవం ఉన్నవాళ్ల మాట వింటే వ్యాపారం చేయలేమని ఆయనకి నచ్చజెప్పండి. గిరాకీకి కావలసింది ముక్క కాదు, బొంగు చీల్చినప్పుడు ఎగిసే పొగ. ఆ పొగని ఎవరూ రుచి చూసి వెనక్కివ్వరు.

చలికాలం మబ్బులు చూడటానికి వచ్చే జనంతో బాగానే గడుస్తుంది. మీరు టెంట్లు కొంటారు, డీజే పెడతారు, ధింసా ఆడేవాళ్లకి గంటల లెక్కన కూలి కడతారు, అప్పు తెస్తారు. ఎండాకాలం గిరాకీ పడిపోతుంది గానీ వాయిదా మాత్రం ఠంచనుగా వస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దమనిషి వచ్చి, మీ వెనక గదిలో నాలుగు బస్తాలు ఒక్క రాత్రి ఉంచుకోమంటాడు. ఇచ్చేది నెల సంపాదన. బస్తాల్లో ఏముందని అడగొద్దు, మర్యాద కాదు.

ఈ రంగంలో మీకు గుర్తుండాల్సింది 20 అనే అంకె ఒక్కటే. మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి సెక్షన్ 20. 20 కిలోలు మించితే వ్యాపార పరిమాణం. అప్పుడు పదేళ్లకి తక్కువ కాకుండా 20 ఏళ్ల దాకా శిక్ష, లక్షకి తగ్గని జరిమానా. ‘నేను గదే ఇచ్చాను, సరుకు నాది కాదు’ అనేవాళ్ల కోసం సెక్షన్ 25 ఉంది: తెలిసి చోటిచ్చినవాడికీ అదే శిక్ష. బెయిలు అడిగితే సెక్షన్ 37 ఎదురొస్తుంది. ఇవేవీ చదవకండి, రాత్రి నిద్ర పట్టదు. దానికి బదులు మసాలా ఘాటులో ఆ వాసన కలిసిపోతుందని నమ్మండి. పోలీసు కుక్కకి అల్లంవెల్లుల్లి పడదని కూడా నమ్మండి.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయి కుప్పపోసి తగలబెట్టారు. అంత పొగ మీ హోటల్ జన్మలో చూపించలేదు. 2024లో ‘ఈగల్’ అని ప్రత్యేక దళం, 1972 అని ఫోన్ నంబరు పెట్టారు. ఆ నంబరున్న పోస్టరు మీ గోడ మీద కనబడితే, దాని మీద మెనూ అంటించండి.

ఒకరోజు జీపు వస్తుంది. మీరు ఆ పూట విశాఖలో ఉంటారు, అది కూడా ముందుచూపే. పట్టా, లైసెన్సు, కరెంటు మీటరు, వెనక గది తాళంచెవి అన్నీ పెద్దాయనవే గనక ఏ-1 ఆయనే. బస్తాలు మోసిన కుర్రాళ్లిద్దరు ఏ-2, ఏ-3. కొండ మీద కేసుల్లో మోసినవాడే దొరుకుతాడు, మోయించినవాడు ఎప్పుడూ ‘పరారీలో’ ఉంటాడు. ఆ పెద్దమనిషి అసలు పేరు ఛార్జిషీటులో కూడా ఉండదు. మీరు హాయిగా బీచ్ రోడ్డులో నడుస్తూ, వాళ్లెవరో నాకు తెలియదని అద్దం ముందు సాధన చేసుకోండి.

ఒక్కచోట మాత్రం మీ మీద మీకే నమ్మకం చాలలేదు. అన్నీ ఆయన పేరున పెట్టి, డబ్బులు ఎక్కడ పోతాయోనని కౌంటరు మీది క్యూఆర్ కోడ్ మాత్రం మీ పేరున పెట్టుకున్నారు. అడ్వాన్సు కూడా ఆ పెద్దమనిషి దానికే కొట్టాడు.

ఆరిలోవలో ఉన్న కేంద్ర కారాగారంలో వంటపని ఖైదీలే చేస్తారు. శిక్ష పడ్డాక ఏ పని వచ్చని అడిగితే వంట అని చెప్పేయకండి, పక్కనే పెద్దాయన ఉంటాడు. కుక్కరు సంగతి ఆయనకి తెలుసు.