కిటికీలకు కవరు కట్టిన మాస్టారు

నూజివీడులో చలి అంటే జనం నవ్వుతారు. మే నెలలో నలభై అయిదు డిగ్రీల దాకా మాడే ఊరు ఇది. జనవరి రాత్రి ఎంత వణికినా పాదరసం పదిహేను, పదహారు దగ్గర ఆగిపోతుంది. లంబసింగిలో సున్నా దగ్గరికి దిగిందంటే పేపర్లో ఫొటోలు వేస్తారు గానీ మా ఊరి చలికి నాలుగు లైన్ల వార్త కూడా రాదు. ఢిల్లీలో ఉండే మా బావమరిదికి ఫోన్లో చెప్పుకుంటే, "పదహారా! మేమైతే స్వెట్టర్ తీసేస్తాం బావా" అన్నాడు.

అతనికి తెలియని సంగతొకటుంది. ఉత్తరాది చలి గాలిలోంచి వస్తుంది, మాది నేలలోంచీ గోడల్లోంచీ వస్తుంది. తెల్లవారుజామున తోటల మీద మంచు దిగితే ఎదుటి వరస మామిడి చెట్లు కనపడవు. సాయంత్రానికి ఆరిన పంచె తెల్లారేసరికి మళ్ళీ తడిసి ఉంటుంది. రాత్రి దుప్పట్లోకి కాళ్ళు చాపితే, ఎవరో నీళ్ళు చిలకరించి మడతపెట్టి వెళ్ళినట్టుంటుంది. పొడిగా ఉంటే ఆ పదహారు డిగ్రీల్ని మామూలు దుప్పటి ఆపేస్తుంది. తడిస్తే రెండు రగ్గులు చాలవు.

నేను ఉద్యోగమంతా హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. గ్లాసులో ఐసుముక్కలు వేసి, బయటివైపు పట్టిన నీటిబొట్లు చూపించి, "ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయిరా?" అని అడగడం నా పాఠాల్లో పేరుమోసిన ఘట్టం. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇకముందు రాయబోయేది చదివి, "పాపం, తెలియక చేశాడు" అని ఎవరూ నన్ను వెనకేసుకు రాకూడదు.

రిటైరయ్యాక ఆగిరిపల్లి వైపు ఉన్న మా తోటలో రెండు గదుల డాబా వేసుకున్నాం. కొంత బంగినపల్లి, కొంత చిన్నరసం, చెరువు వైపు నాలుగు కలెక్టరు చెట్లు. పునాది లేచాక మేస్త్రీ, నేల తడి గోడలోకి ఎక్కకుండా డీపీసీ పట్టీ వేద్దామన్నాడు. తోటలో రెండు గదులకు అదెందుకని నేనే కొట్టేశాను. మిగిలిన డబ్బుతో గేటుకు ఇత్తడి గడియ పెట్టించాను. గడియ బాగుంది. ఇటుక తడి నేలలోంచి నీళ్ళు పైకి లాగుతుందని, దాన్ని కేశనాళికీయత అంటారని, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఎన్నిసార్లు ఇచ్చానో!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కింద డెల్టాలో కోసిన వరి పనలు నీళ్ళలో నానాయి. మాది మెట్ట. మా నష్టమల్లా నాలుగు విరిగిన కొమ్మలు, తడిసిన గోడలు. మోకాలెత్తు దాకా గోడ రంగు మారింది. తెల్లటి ఉప్పు పొడిలా ఏదో పొంగింది. రైతుల గోస ముందు ఇదొక కష్టమా అని ఊరుకోవలసింది. కానీ నేను ఖర్చులేకుండా బాగుచేద్దామనుకున్నాను. ఖర్చులేకుండా అన్న మాట దగ్గరే నా పతనం మొదలైంది.

మచ్చలు కనపడకూడదని ముందుగా ప్లాస్టిక్ పెయింట్ వేయించాను. తడిసిన గోడకు గాలి ఆడితేనే అది ఆరుతుంది. నేను దానికి ప్లాస్టిక్ తొడుగు వేశాను. సంక్రాంతి లోపే పెయింట్ బుడగలు కట్టింది. గోరు తగిలిస్తే ఒక్కో బుడగలోంచి చెంచాడు నీళ్ళు కారేవి. వచ్చినవాళ్ళు చూసి, "కొత్త డిజైనా మాస్టారూ?" అని అడిగారు.

తర్వాత రూమ్ హీటరు కొన్నాను, 2000 వాట్లది. లెక్కల్లో నేను గట్టివాణ్ణే గానీ, ఆ లెక్క కొనకముందు వేయలేదు. రాత్రికి ఆరు గంటలు వేస్తే పన్నెండు యూనిట్లు, నెలకు 360. మా ఇంట్లో మామూలుగా కాలేది నూరు కూడా ఉండదు. పైగా శ్లాబు మారేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. ఇంత పోసినా మోకాళ్ళు కాలేవి, వీపు మంచులో ఉండేది. బిల్లు వచ్చిన రోజు మా ఆవిడ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టింది. హీటరు అటకెక్కింది.

అప్పుడు వచ్చింది అసలు ఆలోచన. వేడి బయటికి పోతోంది కాబట్టే చలి, పోయే దారులన్నీ మూసేస్తే సరి! నూజివీడు బజారులో పాలిథీన్ చుట్ట తెచ్చి కిటికీలకు లోపలి నుంచి మేకులు కొట్టి బిగించాను. వెంటిలేటర్లలో పాత చీరలు కుక్కాను. గుమ్మం కింద సందులో గోనెసంచి. పశ్చిమ గోడ మీద చినుకు పడకుండా బయట వడ్లమీద కప్పే బరకం వేలాడదీశాను. అంతటితో ఆగినా బాగుండేది. బయట మంచుకు తడుస్తున్నాయని బట్టలు గదిలోనే తాడు కట్టి ఆరేయించాను. తుపానుకు విరిగిన మామిడి కొమ్మలు నరికించి, ఆరతాయి కదా అని మూలన నిలువెత్తు పేర్చాను. పక్క గదిలో గ్యాసు పొయ్యి మీద వంట ఉండనే ఉంది.

రెండో రోజుకే పాలిథీన్ లోపలివైపు బొట్లు కట్టి, ధారలై, కిటికీ చట్రం మీదుగా మంచం మీదికి దిగాయి. పైన శ్లాబు కూడా చెమర్చింది.

"ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" అని మా ఆవిడ అడిగింది.

నేను కళ్ళజోడు సవరించుకుని, "బయట మంచు లోపలికి దిగుతోంది. ఇంకో పొర వేయాలి" అన్నాను.

వేశాను కూడా.

అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆరో తరగతి పిల్లాడు చెప్పేవాడు. నిద్రపోయే ఒక్కో మనిషి ఊపిరిలోంచీ చర్మంలోంచీ రాత్రికి పావు లీటరు అటూఇటూగా నీరు గాలిలో కలుస్తుంది. కిలో వంటగ్యాసు మండితే కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే. తాడు మీది బట్టల సంగతి చెప్పక్కర్లేదు. ముప్పయి డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి ముప్పయి గ్రాముల ఆవిరిని మోయగలిగితే, పదహారు డిగ్రీల దగ్గర పద్నాలుగు కూడా మోయలేదు. పగలు ఎక్కించుకున్న బరువును రాత్రి చల్లటి గోడ మీదా, పాలిథీన్ మీదా, మా పరుపు మీదా దించేసింది. మంచు బయటి నుంచి రాలేదు. మేమే రాత్రంతా తయారుచేసి, బయటికి పోకుండా మేకులు కొట్టి కాపాడుకున్నాం.

వారంలోగా పరుపు అడుగున నల్లటి బూజు పట్టింది. అది మా అత్తగారిచ్చిన బూరుగుదూది పరుపు. బూరుగుదూది పోగు మీద మైనపు పూత ఉంటుంది, నీళ్ళు అంత సులభంగా అంటవు. అందుకే దూది మిగిలింది, పైన నూలు గలేబు కుళ్ళింది. అత్తగారు బతికి ఉండగా ఈ పని చేయనందుకు దేవుడికి కృతజ్ఞతలు.

ఆ రోజుల్లోనే పక్క తోట కుర్రాడు పూత చూపించడానికి నన్ను తీసుకెళ్ళాడు. గెలల మీద తెల్లగా బూడిద తెగులు. నేను చేతులు వెనక్కి కట్టుకుని ఉపన్యాసం మొదలెట్టాను. లీటరు నీళ్ళకు మూడు గ్రాముల చొప్పున నీటిలో కలిసే గంధకం కొట్టమన్నాను. అసలు కోతలయ్యాక లోపలి కొమ్మలు తీయించి ఉంటే గాలీ వెలుతురూ ఆడి ఇది ఇంత రాదన్నాను. గుబురుగా మూసుకున్న చెట్టులో తడి నిలుస్తుందని, తడి నిలిచిన చోట తెగులూ తేనెమంచు పురుగూ కాపురం పెడతాయని చెప్పాను. కుర్రాడు శ్రద్ధగా తలూపాడు. నేను ఇంటికొచ్చి, వెంటిలేటర్లో ఇంకో చీర కుక్కాను. చెట్టుకు ఒక శాస్త్రం, ఇంటికి ఇంకొక శాస్త్రం.

చలిని తిట్టుకోవడం కూడా నా తెలివితక్కువే. పదిహేను డిగ్రీల దగ్గరుండే పొడి రాత్రులు వరసగా దొరికితేనే మామిడి మంచి పూతకు వస్తుంది. వెచ్చగా గడిచిన శీతాకాలంలో చెట్టు చిగుళ్ళు వేసి కూర్చుంటుంది, గుత్తకు తీసుకునేవాడు మొహం చాటేస్తాడు. మా తిండి ఆ చలిలోంచే వస్తోంది. నేనేమో రోజూ పొద్దున్నే లేచి అది ఎప్పుడు పోతుందా అని క్యాలెండరు చూసేవాణ్ణి.

ఇక కుంపటి సంగతి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, భయంగా కూడా ఉంది.

సంక్రాంతి దాటిన ఒక రాత్రి మంచు బాగా పట్టింది. బొగ్గులు బాగా రాజేసి, పొగ పోయేదాకా వాకిట్లో ఉంచి, ఎర్రటి కుంపటిని గదిలోకి తెచ్చాను. పొగ లేదు కదా, ఇంక ప్రమాదమేముంది అనుకున్నాను. మా ఆవిడ వీణ ఆ గదిలోనే ఉండేది. నూజివీడులోనే చేయించిన పనసకర్ర వీణ, ఆవిడ పెళ్ళినాటిది. చెమ్మకు తీగలు తుప్పు పడుతున్నాయని ఆవిడ బాధపడుతుంటే, గలేబు తీసి కుంపటికి దగ్గరగా పడుకోబెట్టాను. ఒక్క దెబ్బకు రెండు పనులు అయ్యాయని సంతోషంగా ముసుగు పెట్టాను.

రాత్రి మా ఆవిడకు తలపోటు, కడుపులో తిప్పటం. నాకు తల దిమ్మెక్కినట్టుంది. పడిశం అనుకుని రగ్గు ఇంకాస్త పైకి లాక్కున్నాను. వాంతి వచ్చేట్టుందని ఆవిడ తడుముకుంటూ లేచి తలుపు తీసింది. ఆవిడ లేచింది కాబట్టి నేను ఇది రాస్తున్నాను. మూసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగతో పని లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఉత్తరాదిలో గదిలో అంగీఠీ పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్న కుటుంబాలు తెల్లారి లేవలేదన్న వార్త ఏటా శీతాకాలంలో చదువుతూనే ఉంటాం. నేనూ చదివాను, చదివి "చదువులేని జనం" అని కూడా అన్నాను. మర్నాడు ఫోన్లో సంగతి విని మా బావమరిది ఈసారి నవ్వలేదు. అక్కను ఇవ్వమన్నాడు. ఆవిడతో చాలాసేపు మాట్లాడాడు, నాతో మాట్లాడకుండానే పెట్టేశాడు.

ఆ పొద్దున్నే ఆవిడ కత్తిపీట తెచ్చి పాలిథీనంతా కోసేసింది. నేను అడ్డం చెప్పలేదు.

ఇప్పుడు చేసేవాటిలో కొత్తదేమీ లేదు, మా అమ్మ చేసినవే. ఎండెక్కాక కిటికీలు, తలుపులు బార్లా తెరుస్తాం, పొద్దు వాలకముందే మూస్తాం. వెంటిలేటర్లు మాత్రం ఎప్పుడూ తెరిచే. ప్లాస్టిక్ పెయింట్ గీకించి సున్నం కొట్టించాను. సున్నం గోడ తడిని ఆపదు గానీ ఆరనిస్తుంది. అన్నిటికంటే పనికొచ్చింది పార. శ్లాబు నీళ్ళు గోడ పక్కనే పడకుండా తూము పొడిగించి, గోడల చుట్టూ మట్టి తీసి, నీళ్ళు అవతలికి పోయేట్టు వాలు చేయించాం. ఇద్దరు కూలీల పని. మంచాలు బయటి గోడకు జానెడు దూరం జరిపాం. పాత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత మధ్యాహ్నం ఎండలో పడేసి, వెచ్చగా ఉండగానే మడిచి లోపల పెడితే రాత్రికి అదే చాలు. కాళ్ళ దగ్గర వేడినీళ్ళ రబ్బరు సంచి. కట్టెలు వసారాలో, బట్టలు పెరట్లో. చలిమంట వాకిట్లోనే, అదీ తలుపుకు దూరంగా. డీపీసీ లేని లోటు మాత్రం తీరదు. నైరుతి మూల ఇప్పటికీ ప్రతి డిసెంబరులో చెమరుస్తుంది, ఇత్తడి గడియ ఇప్పటికీ మెరుస్తుంది.

వీణ మాట మిగిలింది. వీణ మెట్లు ఇరవై నాలుగూ మైనంలో బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్ద మీద కూర్చుంటాయి. కుంపటి సెగకు ఆ మైనం మెత్తబడి, ఒకవైపు మెట్లన్నీ దిగిపోయాయి. ఆవిడ మీటి చూసి, ఏమీ అనకుండా గుడ్డ కప్పింది. ఆ నిశ్శబ్దం నెల పైగా నడిచింది. చివరికి ఊళ్ళో వీణలు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన వీణను వెలుతురుకు తిప్పి, మైనం మీద వేలు పెట్టి చూసి, మేళం మొత్తం మళ్ళీ కట్టాలన్నాడు. హీటరు కరెంటు బిల్లూ, పెయింటూ, పాలిథీనూ కలిపినా అంత కాదు.

"దీన్ని ఎండలో గానీ పెట్టారా అమ్మా?" అని అడిగాడు.

"అవునండీ, ఎండలోనే" అన్నాను నేను, ఆవిడ నోరు తెరవకముందే.

"ఎండేనండీ," అంది మా ఆవిడ, పర్సు తీస్తూ. "రాత్రి పదింటికి, మా పడగ్గదిలో కాసింది."