పాదుకు పద్దు లేదు

తిరుపతిలో మా వీధి చివర కానుగమానుకు ఈమధ్య ఘనంగా సన్మానం జరిగింది. కాండానికి సున్నం, సున్నం మీద ఎర్ర జాజు పట్టె, చుట్టూ ఇనుప కంచె, ‘చెట్లను కాపాడుదాం’ అని ఒక బోర్డు. బోర్డుకు కొట్టిన మేకు చెట్టులోకే దిగిందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత సిమెంటు వచ్చింది. రోడ్డు అంచు నుంచి మాను మొదలు దాకా వేలు దూరే సందు లేకుండా పోసి, తాపీతో నున్నగా రుద్ది, చీపురుపుల్లలతో గీతలు కూడా గీశారు. పనితనానికి వంక పెట్టలేం. సమాధులు కట్టేవాళ్ళకు కూడా అంత నేర్పు ఉండదు.

“పాదు ఏదన్నా?” అని మేస్త్రీని అడిగాను.

“పాదా? ఎస్టిమేట్‌లో లేదు సామీ.”

నిజమే. సిమెంటుకు పద్దుంది, కంకరకు పద్దుంది, బోర్డుకు, మేకుకు, శిలాఫలకం మీద కప్పే గుడ్డకు కూడా పద్దుంది. పాదంటే ఉత్త మట్టి. ఉత్త మట్టికి బిల్లెట్లా పెడతారు? పోయని సిమెంటుకు బిల్లు పెట్టే విద్య మనవాళ్ళకు రాదని కాదు, అది వేరే శాస్త్రం.

బంగారుపాళెం, దామలచెరువు వైపు మామిడి రైతులకు ఈ శాస్త్రాలేవీ తెలియవు. చిటికెన వేలంత మొక్కకు మూడడుగుల గుంత తవ్వుతారు. ఆ గుంతను ఎండకు వదిలేసి, మట్టిలో పశువుల ఎరువు కలిపి అప్పుడు నాటుతారు. మొక్కకూ మొక్కకూ మధ్య పది మీటర్లు, అంటే ఎకరాకు 40 మొక్కలే. నెత్తిన అప్పున్న మనిషి అంత నేల ఖాళీగా వదిలాడంటే పిచ్చి పట్టి కాదు. కొమ్మ పాకినంత మేరా, దాన్ని దాటి కూడా వేరు పాకుతుందని ఆయనకు తెలుసు. నీళ్ళు తాగే సన్న వేళ్ళు ఎక్కువగా పైనున్న రెండడుగుల మట్టిలోనే తిరుగుతాయని, వాటికి తడితో పాటు గాలీ ఆడాలని కూడా తెలుసు. అంత చేసి కాయించిన తోతాపురికి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏం ధర పలుకుతుందో, అది ఇంకో ఏడుపు.

“శేషాచలంలో ఎర్రచందనం బండల మీదే పెరగడం లేదా? మీ కానుగకేమి రోగం?” అని టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు. అయ్యా, బండకు బీటలుంటాయి. బీటలో ఆకు రాలుతుంది, మట్టి చేరుతుంది, వాన దిగుతుంది, వేరు దూరుతుంది. ఆ కొండలు కట్టినవాడు సందులు వదిలి కట్టాడు. మా కాంట్రాక్టరుకే గనక ఆ పని ఒప్పజెప్పి ఉంటే ఏడుకొండలనూ ఏకంగా మెత్తేసి, మీద గీతలు గీసి పెట్టేవాడు.

స్థలపురాణం ప్రకారం శ్రీనివాసుడు తలదాచుకున్నది పుష్కరిణి పక్కన, చింతచెట్టు కింది పుట్టలో. ఇప్పుడు కొండ దిగి మా వీధికొస్తే పుట్ట మాటటుంచి, చీమకు కూడా సందు దొరకదు. ఆధార్ కార్డు పట్టుకొని గది కోసం క్యూలో నిలబడాల్సిందే.

ఇక వనమహోత్సవం. 1950లో మొదలైన ఈ పండుగలో మా దగ్గర గుంత శాశ్వతం, మొక్కే ఏటేటా కొత్తది. పోయిన ఏడు ఎండిపోయిన మొక్కనొకదాన్ని పీకి చూశాను. రెండు వేళ్ళతో లాగితే వచ్చేసింది. నర్సరీ నల్ల కవరు విప్పనే లేదు! లోపల వేళ్ళు దారి వెతుక్కుంటూ తిరిగి తిరిగి, పేనిన తాడులా ఒకదాన్నొకటి చుట్టుకొని, కవరు అడుగున గట్టి ముద్దయిపోయాయి. ఇదే మొక్కను ఏడుగురు పట్టుకొని దిగిన ఫోటో నేను పేపర్లో చూశాను. పద్నాలుగు చేతుల్లో కవరు విప్పడానికి ఖాళీగా ఒక్కటీ లేకపోయింది.

చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఢిల్లీలోని ప్రభుత్వ శాఖలను ఆదేశించింది. ఢిల్లీ నుంచి తిరుపతికి రైళ్ళు వస్తూనే ఉన్నాయి. ఆ ఆలోచన మాత్రం రేణిగుంట అవతల సిగ్నల్ కోసం ఇంకా ఆగి ఉన్నట్టుంది.

2021 నవంబరు వానలకు కొండనీళ్ళు ఊరి మీద పడితే, ఇంకడానికి మట్టి కనబడక ఇళ్ళల్లోకి దూరాయి. ఎం.ఆర్.పల్లె దగ్గర శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి ఆవరణలో, నేలలో ఉండాల్సిన సిమెంటు ఒరల సంపు మనిషెత్తు దాటి పైకి లేచింది. నేలలో ఊరిన నీటి ఒత్తిడి అన్నారు తెలిసినవాళ్ళు. జనం వింతగా చూసిపోయారు. మింగిన సిమెంటును నేల కక్కుకుందని నాకనిపించింది.

సరే, కానుగమానుకు మూడడుగుల మట్టి ఇప్పించమని అర్జీ పట్టుకొని ఆఫీసుకు పోయాను. అక్కడున్నాయన రెండుసార్లు చదివాడు.

“ఇంతకీ మీకేం కట్టించాల?”

“ఏమీ కట్టొద్దు. కట్టింది పగలగొట్టండి, చాలు.”

“పగలగొట్టేదానికి ఒక ఎస్టిమేట్ వేయాల సామీ. మళ్ళీ పూడ్చేదానికి ఇంకొకటి.”

“పూడ్చేది దేనికి?”

“పగలగొట్టినాక పూడ్చకుండా బిల్లెట్ల పాస్ అవుతుంది?”

ఇంటికొస్తుంటే మాను పక్కింటి అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. జరిగిందంతా విని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“గమ్మున ఇంటికి పోన్నా. రాత్రి కరెంటు పోయినప్పుడు రా. మా ఇంట్లో గడ్డపార ఉండాది.”