క్రూజ్ కంట్రోల్ మొరాయిస్తే: మదీనాగూడ చిట్కాలు

కొత్త కారు కొన్నారు. స్టీరింగ్ మీద 'సెట్' బటన్ ఉంది. మదీనాగూడ నుంచి ఆల్విన్ చౌరస్తా దాకా వేలు నొప్పెట్టేలా నొక్కినా పని చెయ్యలేదు. కంగారు పడకండి, నేనున్నాను.

1. ముందు షోరూమ్ వాళ్ల మీద విరుచుకుపడండి. చాలా కార్లలో 30, 40 కిలోమీటర్ల వేగం దాటితే గానీ క్రూజ్ పట్టుకోదని నసుగుతారు. నమ్మకండి. ముంబై హైవే మీద సాయంత్రం ఏడింటికి అంత వేగాన్ని కళ్లజూసినవాడెవడు? లేని వేగాన్ని షరతుగా పెట్టడం మోసం కాదూ!

2. పెడల్ దగ్గర బ్రేక్ స్విచ్ ఉంటుంది. బ్రేక్ లైట్లు వెలిగించేదీ, బ్రేక్ తొక్కగానే క్రూజ్‌ని వదిలించేదీ అదే. అది చెడితే క్రూజ్ పట్టుకోదు కాబట్టి మెకానిక్ ముందు దాన్నే చూస్తాడు. మీకెందుకా శ్రమ? లైట్లు వెలగడం లేదని వెనక బైకతను చెబుతాడు, గుద్దాక.

3. హారన్ కూడా మూగబోయిందా? స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే తీగ తెగితే హారన్, క్రూజ్ బటన్లు కలిసే పోతాయి. ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు వెళ్లేదీ అందులోంచే. హారన్ లేందే హైదరాబాద్‌లో బండి కదలదు గనక దానికి మాత్రం విడిగా ఓ బటన్ పెట్టించుకోండి. వెలుగుతున్న ఎయిర్‌బ్యాగ్ లైటు మీద బొట్టుబిళ్ల అంటించండి.

4. రాడార్ ఉన్న క్రూజ్ అయితే ముందు భాగంలోని సెన్సార్‌కి బురద పట్టినా ఆగిపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుందంటారు తెలియనివాళ్లు. అది దిష్టి. పసుపు దట్టంగా మెత్తి, నిమ్మకాయ మిరపకాయల దండ సరిగ్గా దానికి అడ్డంగా కట్టండి.

5. పరీక్షించడానికి ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కండి. 158 కిలోమీటర్ల రోడ్డు, 120 దాకా అనుమతి. సెట్ చేసి, సీట్లో బాసింపట్టు వేసుకోండి. తడి రోడ్డు మీద క్రూజ్ వాడొద్దని మాన్యువల్ మొత్తుకుంటుంది గనక వాన పడేదాకా ఆగండి. ఈ యంత్రాన్ని కనిపెట్టిన ర్యాల్ఫ్ టీటర్‌కి ఐదో ఏటే చూపు పోయింది. మాటల్లో పడి కారుని కుదుపుతూ నడిపే లాయరు పక్కన కూర్చుని విసిగిపోయి ఆలోచించాడంటారు. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలోకి ఎక్కింది. చూపు లేనాయన కనిపెట్టినదానికి మీ చూపుతో పనేముంది? కునుకు తియ్యండి.

6. ఇవన్నీ చేశాక కారు ఎలాగూ షెడ్డులో ఉంటుంది. మియాపూర్‌లో మెట్రో ఎక్కండి. డ్రైవర్ తలుపులు మూసి బయల్దేరదీస్తే చాలు, ఎల్బీ నగర్ దాకా 29 కిలోమీటర్లూ వేగం సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. మదీనాగూడ వాళ్లకు రోజూ పనికొచ్చే క్రూజ్ కంట్రోల్ అదొక్కటే.